అరుగు మీద నిండిన అప్లికేషన్లు

"వార్డెన్ సారు పోయిండు సార్. రాత్రి నిద్రలనే." పొద్దున్నే వచ్చిన ఫోను. చేసినవాడు ఇప్పుడు నీటిపారుదల శాఖలో ఇంజనీరు. ఒకప్పుడు మా ఊరి హాస్టల్లో ఉండి, "లెక్కల్లో ఫస్టు, స్నానంలో లాస్టు" అని ఆ వార్డెన్ సారు చేతనే అనిపించుకున్న పిల్లవాడు.

పదో రోజు కర్మకు వెళ్ళాను. షామియానా కింద కూర్చున్నవాళ్ళలో చుట్టాల కంటే మా ఊరి పిల్లలే ఎక్కువ. పిల్లలంటున్నాను గానీ కొందరికి జుట్టు నెరిసింది. స్కూలు టీచర్లు, ఒక స్టాఫ్ నర్సు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు, ఆర్టీసీ డిపోలో పనిచేసేవాడు, ఒక బ్యాంకు ఆఫీసరు. భోజనాలయ్యాక ఒకరి మాట మీద ఒకరు పాత సంగతులు తవ్వుకున్నారు. "ఇవన్నీ రాసిపెట్టండి సార్, మా పిల్లలకు చెప్తే నమ్ముతలేరు" అంది బ్యాంకు ఆఫీసరమ్మ. రాయడమంటే నాకు మనీఆర్డరు ఫారాలు నింపడమే అలవాటు. అయినా గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు రాస్తున్నాను. వరస ఉండదు.

*

నేను మా ఊళ్ళో బ్రాంచి పోస్ట్‌మాస్టర్‌గా చేశాను. మొదట్లో ఈడీ బీపీఎం అనేవాళ్ళు, ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ అన్నమాట. తర్వాత గ్రామీణ డాక్ సేవక్ అన్నారు. పేరు గౌరవంగా మారింది, జీతం మాత్రం దాని వెనక నింపాదిగా నడిచొచ్చింది. రోజుకు కొన్ని గంటల ఉద్యోగం, మిగతా పొద్దంతా సేద్యం. పోస్టాఫీసంటే మా ఇంటి ముందు గది, దాని బయట అరుగు. గదిలో ఒక చెక్క బల్ల, చిన్న తూకం, తేదీ ముద్ర, సిరా ప్యాడు. ఉత్తరాల సంచి బస్సులో వచ్చేది. మలుపు దగ్గరే డ్రైవర్ హారన్ కొట్టేవాడు. ఆ హారన్ వింటే అప్పటిదాకా ఖాళీగా ఉన్న అరుగు మీదికి ఎక్కడెక్కడి ముసలమ్మలో వచ్చి కూర్చునేవాళ్ళు. సాయంత్రం సంచి కట్టేటప్పుడు కొవ్వొత్తి మీద లక్క కరిగించి సీలు వేసేవాణ్ణి. లక్క కాలిన ఆ ఘాటు వాసన చొక్కాకు పట్టుకుని రాత్రిదాకా వదిలేది కాదు.

రోడ్డు దాటితే సాంఘిక సంక్షేమ శాఖ వారి బాలుర హాస్టల్. చింతచెట్టు కొమ్మకు రైలు పట్టా ముక్క వేలాడదీసి, దాన్ని ఇనుప కడ్డీతో కొడితే అదే గంట. లేవడానికో గంట, అన్నానికో గంట, చదువుకో గంట. సాయంత్రం స్టడీ అవర్ మొదలైతే వీధంతా మోత. అందరూ పైకే చదవాలి, పెదవులు కదిలిస్తే చాలదు. ఒకడు ఎక్కాలు, ఒకడు మొగల్ చక్రవర్తుల వరస, ఇంకొకడు న్యూటన్ సూత్రాలు. కరెంటు పోయిందంటే క్షణం నిశ్శబ్దం, ఆ వెంటనే కేకలు, ఆ కేకల మీద వార్డెన్ సారు గొంతు.

మాది పాలమూరు. వాన మొహం చాటేసిన ఏడాది దసరా దాటగానే సగం వాడ తాళాలు వేసుకుని బొంబాయో పుణేనో పోయేది. కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రి వచ్చి అడ్వాన్సు పంచేవాడు, జీపులొచ్చేవి. పిల్లలను హాస్టల్లో, ముసలివాళ్ళను ఇంట్లో విడిచి పోయేవాళ్ళు. అక్కడి నుంచి మనీఆర్డర్లు వచ్చేవి. ఫారం కింద కూపన్ మీద రెండు లైన్లు: "అందరం బాగున్నం. చిన్నోణ్ణి బడి మానొద్దని చెప్పు." అవి చదివి వినిపించేది నేనే కాబట్టి ఎవరి నాయన ఎక్కడున్నాడో, ఎంత అప్పులో ఉన్నాడో, ఎవరి చెల్లెలికి పెళ్ళి మాట్లాడుతున్నారో నాకు తెలిసిపోయేది. తెలుసుకోవాలని తెలుసుకున్నవి కావు. తర్వాత రోజుల్లో మాత్రం అవే అక్కరకొచ్చాయి.

*

ఈ పని ఎలా మొదలైందో చెప్పాలి. పదో తరగతి పిల్లవాడొకడు మధ్యాహ్నం ఎండలో వచ్చి "పోస్టు సార్, పోస్టల్ ఆర్డరుందా?" అన్నాడు. పోస్టల్ ఆర్డర్లు మా దగ్గర నిల్వ ఉండవు, పెద్ద పోస్టాఫీసు నుంచి తెప్పించాలి. దేనికిరా అంటే జేబులోంచి మడతలు పడ్డ అప్లికేషన్ తీశాడు. పాలిటెక్నిక్ ఎంట్రన్స్, అప్పట్లో సీప్ అనేవాళ్ళు. తెరిచి చూశాను. తండ్రి వృత్తి అన్నచోట "బొంబాయి" అని రాశాడు. పుట్టుమచ్చలు అన్నచోట "లేవు, తెల్లగా ఉంది" అని రాశాడు. ఆఖరి తేదీ దగ్గరికొచ్చేసింది.

ఆ అప్లికేషన్ పక్కన పెట్టి, పెద్ద పోస్టాఫీసుకు పోయినప్పుడు ఇంకొకటి సంపాదించి, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పెన్సిల్‌తో నింపించాను. సరిచూసుకున్నాక దాని మీద పెన్నుతో దిద్దించాను. పోస్టల్ ఆర్డరు మీద రెండు అడ్డగీతలు ఎందుకు గీయాలో చెప్పాను. రిజిస్టరు చేసి రశీదు వాడి చేతికిచ్చాను. వాడు ఆ రశీదును సీటే వచ్చినంత భద్రంగా పట్టుకుపోయాడు.

సాయంత్రం వార్డెన్ సారు వచ్చాడు. అరుగు మీద కూర్చుని కాసేపు వర్షం సంగతి మాట్లాడి, "పోస్టుసాబ్, ఈ కాగితాల సంగతి మీరు చూస్కుంటరా? చదువు సంగతి నేను చూస్కుంట" అన్నాడు. అంతే మా ఒప్పందం. దానికి సంఘం లేదు, బోర్డు లేదు, పేరు కూడా లేదు. ఇప్పుడు మెంటారింగ్ అంటున్నారు. అప్పుడు మేం దాన్ని "ఆదివారం పని" అనేవాళ్ళం.

ఆదివారం పొద్దున పిల్లలు అరుగు నిండా ఉండేవాళ్ళు. వారంలో వచ్చిన పేపర్లన్నీ ముందేసుకుని ఈనాడు ప్రతిభ పేజీ, ఆంధ్రజ్యోతి దిక్సూచి కత్తిరించేవాళ్ళం. మైదా జిగురుతో హాస్టల్ గోడ మీది అట్టకు అంటించేవాళ్ళం. ఏ పరీక్షకైనా ఆఖరి తేదీని ఎర్ర సిరాతో రాసి, దాని కింద నేను ఒక వారం ముందు తేదీ వేసేవాణ్ణి. పిల్లలకు నా తేదీయే ఆఖరి తేదీ. పదో తరగతి తర్వాత ఏముంటాయో ఆ అట్ట మీదే చూసి నేర్చుకున్నారు: పాలిటెక్నిక్, ఐటీఐ, నాగార్జునసాగర్ లాంటి రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలకు పెట్టే ఎంట్రన్సు. నిజానికి నేనూ అక్కడే నేర్చుకున్నాను. నేను చదివింది ఇంటర్ దాకానే. లెక్కల జోలికి పోలేదు.

చదువు చెప్పే తెలివి ఆ వార్డెన్ సారుకుంది, హైస్కూల్లో లెక్కల టీచరుకుంది. ఇంటర్‌కు మండల కేంద్రానికి పోయినవాళ్ళు కూడా ఆదివారాలు మా దగ్గరికే వచ్చేవాళ్ళు. అసలు పిల్లల్లో తెలివికి కొదవ ఎప్పుడూ లేదు. తక్కువైంది ఇంకొకటి. కాస్త ఉన్న ఇళ్ళల్లో అన్నం తింటూ మాట్లాడుకునేటప్పుడే పిల్లల చెవిన పడుతుంది: ఏ గ్రూపు తీసుకోవాలి, ఎంసెట్ ఎప్పుడు, ఏ సర్టిఫికెట్ ఎవరు ఇస్తారు, ఏ కాలేజీ మంచిది. మా పిల్లల ఇళ్ళల్లో అన్నం దగ్గర మాటలు వేరు. ఆ చెవిన పడాల్సిన మాటలు పడేలా చూడటమే మేం చేసిన పని. ఇంతకు మించి గొప్పగా చెప్పుకోవడానికేం లేదు.

*

వార్డెన్ సారు గదిలో ఒక పేపరు ఫోటో ఉండేది, అట్టకు అంటించి గోడకు కొట్టింది. ఎస్.ఆర్. శంకరన్ గారిది. సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా చేసిన ఐఏఎస్. 1976లో వెట్టి నిర్మూలన చట్టం వచ్చాక దాన్ని కాగితం మీద ఉంచకుండా ఊళ్ళల్లోకి తీసుకెళ్ళిన మనిషి. దళిత పిల్లలకు గురుకులాలు రావడం వెనక ఆయన చెయ్యి ఉందని సారు పదేపదే చెప్పేవాడు. కొత్తగా చేరిన పిల్లవాడు "ఈయన మీ నాయనా సార్?" అని అడిగితే "ఔ" అనేసేవాడు. 2010లో శంకరన్ గారు పోయిన రోజు హాస్టల్లో రాత్రి అన్నం గంట ఆలస్యంగా మోగింది. సారు గదిలోంచి బయటికి రాలేదు.

సర్వేల్ మాట కూడా ఆయన నోటి నుంచే మొదట విన్నాను. పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టారు. మా మండలం నుంచి ఒక్క పిల్లవాడైనా అలాంటి బడికి పోవాలని ఆయన పట్టు.

*

ఎంసెట్ కథ వేరు. 160 ప్రశ్నలు, మూడు గంటలు. లెక్కలకు 80, ఫిజిక్సుకు 40, కెమిస్ట్రీకి 40. తప్పు రాస్తే మార్కు తీసేయరు. మా పిల్లలకు లెక్కలకన్నా, జవాబుకు గుండ్రం దిద్దే ఆ ఓఎంఆర్ కాగితమంటేనే టెన్షన్. అంతకు ముందెప్పుడూ చూసి ఉండరు కదా. దాంతో నేనొక ఉపాయం చేశాను. పెన్ను మూతను నా సిరా ప్యాడు మీద ఒత్తి తెల్లకాగితం మీద అద్దితే చక్కటి గుండ్రం పడుతుంది. వరసకు నాలుగు చొప్పున 160 వరసలు. ఎవడికి వాడు తన కాగితం తయారు చేసుకోవాలి. వేళ్ళన్నీ ఊదా రంగు. ప్యాడు ఎండిపోయి నా తేదీ ముద్రలు వెలవెలబోయేవి. ఒకసారి తనిఖీకి వచ్చిన మెయిల్ ఓవర్‌సీర్ "సిరా ఇంతెలా అయిపోతోందయ్యా?" అని అడిగాడు. వీధిలో పోతున్న ఇద్దరు పిల్లల చేతులు చూపించాను. ఆయన నవ్వి ఇంకో సీసా మంజూరు చేసి పోయాడు.

ఆ కాగితాల మీద లెక్కల టీచరు గడియారం పెట్టి పరీక్ష పెట్టేవాడు. ఒక పిల్లవాడు చాలా తెలివైనవాడు, కానీ ఎప్పుడు చూసినా సగం వరసలు ఖాళీ. టైము చాలలేదా అంటే చాలిందన్నాడు.

"మరి ఎందుకు విడిచిపెట్టినవ్?"

"రావు సార్."

"రాకపోతే ఏదో ఒకటి దిద్దరాదురా. తప్పయితే పోయేదేమీ లేదు."

"రానిది వచ్చినట్టు ఎట్ల పెట్టాలె సార్? అబద్ధం గదా."

టీచరు నా వైపు, నేను వార్డెన్ సారు వైపు చూశాం. వాడికి సంభావ్యత పాఠం అయిందాకా చెప్పి, సగటున నాలుగింట్లో ఒకటి ఒప్పవుతుందని లెక్క వేసి చూపిస్తే గానీ ఒప్పుకోలేదు. అప్పుడు కూడా పూర్తిగా ఒప్పుకోలేదు. "లెక్క ప్రకారమైతే సరే" అన్నాడు. మొదట్లో ఫోను చేసిన ఇంజనీరు వీడే. ఇప్పటికీ వాడి దగ్గర బిల్లులు పాస్ చేయించుకోవడం కష్టమని కాంట్రాక్టర్లు అంటారట.

*

కౌన్సెలింగ్ నాటికి సర్టిఫికెట్లు. ఈ ఒక్క మాటకు ఎన్ని చెప్పులు అరిగాయో. కులం, ఆదాయం, టీసీ, మార్కుల మెమోలు, వీటన్నిటికీ మించి ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు. అప్పట్లో ఉస్మానియా, ఆంధ్ర, వెంకటేశ్వర యూనివర్సిటీల ఏరియాల్లో నూటికి 85 సీట్లు స్థానికులవి కాబట్టి ఎవరు ఎక్కడివాళ్ళో తేలాలి. చివరి నాలుగేళ్లు వరసగా ఒకే ఏరియాలో చదివితే స్థానికుడే అని రూలు చెబుతుంది. కానీ కౌంటర్ ముందు నిలబడ్డ పద్దెనిమిదేళ్ల పిల్లవాడు రూలు మాట్లాడగలడా? లిస్టులో ఏడుంటే ఏడూ పట్టుకెళ్ళాల్సిందే.

ఒకడికి ఆరు, ఏడు తరగతులు లేవు. ఆ రెండేళ్లూ తల్లిదండ్రులతో బొంబాయిలో ఉన్నాడు. అక్కడి కార్పొరేషన్ వాళ్ళకు తెలుగు మీడియం బళ్ళున్నాయి, అందులో చదివాడు. ఏ బడిరా అంటే "బస్సు డిపో పక్కన సార్, మెట్లు చానా ఉంటయి" అన్నాడు. అంతకు మించి గుర్తు లేదు. తండ్రికి చదువు రాదు, ఇప్పుడు ఆయన ఉన్నది పుణే.

వాళ్ళ నాయనమ్మకు ఒక రేకు పెట్టె ఉండేది. కొడుకు పంపిన ప్రతి మనీఆర్డరు కూపన్నూ ముసలమ్మ అందులో దాచుకుంది. చదవలేకపోయినా పారేయలేదు. పెట్టె తెరిచి ఆ రెండేళ్ల నాటి కూపన్లు ఏరాం. డబ్బు కట్టిన పోస్టాఫీసు ముద్ర వాటి మీద ఉంటుంది కదా. మూడు నాలుగింటి మీద ముద్ర స్పష్టంగా ఒకే పేరు చెప్పింది. ఆ ఊరి పోస్ట్‌మాస్టర్‌కు నాకొచ్చిన ఇంగ్లీషులో ఉత్తరం రాశాను: మీ బీటులో బస్సు డిపో పక్కన తెలుగు బడి ఏదో మీ పోస్ట్‌మ్యాన్‌కు తెలిసి ఉంటుంది, దయచేసి ఈ జతచేసిన కాగితాలు ఆ హెడ్‌మాస్టరుకు అందజేయించండి. జవాబు వస్తుందని నాకేం నమ్మకం లేదు. కొన్ని వారాలకు రిజిస్టర్ కవరు వచ్చింది. హెడ్‌మాస్టరు సంతకం, గుండ్రటి ముద్ర, లోపల స్టడీ సర్టిఫికెట్. దానితోపాటు చిన్న చీటీ: "ఈ అబ్బాయి మాకు గుర్తున్నాడు. బాగా చదువుకోమని చెప్పండి."

ఇంత చేసి హైదరాబాద్ తీసుకెళ్తే, అక్కడి వెరిఫికేషన్ కౌంటర్లో ఆయన ఆ కాగితం తిప్పి అయినా చూడలేదు. లెక్కపెట్టి, ఏడున్నాయా, ఉన్నాయి, పో అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పిల్లవాడు మాత్రం ఆ చీటీ జేబులో పెట్టుకుని హాయిగా నవ్వుతున్నాడు.

*

అందరూ అందుకోలేదు. మంచి ర్యాంకు వచ్చిన పిల్లవాడొకడున్నాడు. వాళ్ళ నాయన గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు, అక్క పెళ్ళికి. మనిషి చేతులు తగ్గితే అప్పు తీరదు. ఎంసెట్‌కూ కౌన్సెలింగ్‌కూ మధ్య ఉండే ఆ ఖాళీ నెలల్లో జీపు వచ్చింది. నేను పేపర్లో ర్యాంకుల వారీగా పిలుపు తేదీలు చూసి వాళ్ళ ఇంటికి పోయేసరికి తాళం. పని దగ్గరి అడ్రసు కనుక్కుని కార్డు వేశాను. "ఇక్కడ లేరు" అనే గీతతో తిరిగొచ్చింది. నా ఊరి ముద్ర ఒకవైపు, ఆ ఊరి ముద్ర ఇంకోవైపు. వార్డెన్ సారుకు చూపిస్తే చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "చట్టం వచ్చి ఇన్నేండ్లయిపాయె" అని మాత్రం అన్నాడు.

ఆ పిల్లవాడు ఇప్పుడు పుణేలోనే చిన్న మేస్త్రీ అట. కర్మకు రాలేదు.

*

బ్యాంకు ఆఫీసరమ్మ హాస్టల్ పిల్ల కాదు, ఊళ్ళో ఇంటి నుంచే బడికి పోయేది. ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. హైదరాబాద్ కోఠీ ఉమెన్స్ కాలేజీలో డిగ్రీ సీటు వచ్చింది. తండ్రి కుదరదన్నాడు. "మూడు బస్సులు మారాలె. ఆడ మనోళ్ళెవరున్నరు?" అన్నాడు. వార్డెన్ సారు ఎంత చెప్పినా వినలేదు. అప్పుడు నేను, "సరే, పంపకు. కానీ ఒకసారి వచ్చి చూసి వద్దను" అన్నాను.

ముగ్గురం పోయాం. కోఠీ కాలేజీ అంటే పాత బ్రిటిష్ రెసిడెన్సీ. ఆ పెద్ద స్తంభాలు, మెట్ల దగ్గర రాతి సింహాలు. ఆయన సింహాల ముందు నిలబడి "ఇది బడా, కోటనా?" అన్నాడు. తరగతి గదులు చూపిస్తుంటే ఆయన చూపు వాటి మీద లేదు. హాస్టల్ దగ్గరికి వచ్చాక మనిషి మారిపోయాడు. ప్రహరీ గోడ చుట్టూ నడిచాడు. చెయ్యెత్తి ఎత్తు చూశాడు. గేటు దగ్గర వాచ్‌మన్‌తో మాట్లాడి ఏ ఊరు, ఎన్నేళ్ల నుంచి చేస్తున్నావు అన్నీ అడిగాడు. స్నానాల గదుల తలుపులకు గడియలు సరిగా పడతాయా అని మేట్రన్‌ను అడిగి కనుక్కున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చాలాసేపు మౌనం. షాద్‌నగర్ దాటాక "గోడ ఎత్తుగనే ఉన్నది" అన్నాడు. అది ఒప్పుకోవడం అని ఆ పిల్లకు నాకంటే ముందు అర్థమైంది. మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

ఆ కాలేజీ ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం.

తర్వాత మా ఊరి నుంచి హైదరాబాద్ పోయిన ప్రతి ఆడపిల్లా మొదటి రాత్రి ఈ అమ్మాయి గదిలోనే దిగింది. నేనొక నోటుబుక్కు పెట్టాను. ఎవరు ఏ ఊళ్ళో, ఏ కాలేజీలో, ఏ గదిలో ఉన్నారో అందులో ఉండేది. కొత్తగా సీటు వచ్చినవాళ్ళకు ముందు అక్కడున్న సీనియర్‌కు ఒక కార్డు: "ఫలానావాడు ఫలానా రోజు దిగుతాడు, బస్టాండుకు పో." ఒక్కడంటే ఒక్కడు కూడా బస్టాండుకు పోకుండా మానలేదు. నా జన్మలో నేను చూసిన మంచి సంగతుల్లో ఇదొకటి.

*

సీటు రావడంతో అయిపోతుందనుకునేవాళ్ళం మొదట్లో. అసలు సంగతి ఇన్‌లాండ్ లెటర్లు రావడం మొదలయ్యాక తెలిసింది. తెలుగు అకాడమీ పుస్తకాలు చదివి పోయిన పిల్లలు. అక్కడ అంతా ఇంగ్లీషు. ఒకడు రాశాడు: "సార్, ఇక్కడ జోకు చెప్పినా ఇంగ్లీషులోనే చెప్తారు. అందరూ నవ్వినంక నేను నవ్వుతున్నా." ఇంకొకడు ఎం-వన్ అనే లెక్కల పేపరు, ఇంజనీరింగ్ డ్రాయింగ్ రెండూ పోయాయని, ఇంటికి వచ్చేస్తానని రాశాడు. అటెండెన్సు 75 శాతం లేక డిటైన్ అయ్యేలా, అంటే పరీక్ష రాయనివ్వకుండా ఆపేసేలా ఉన్నవాడొకడు. వాడు క్లాసులకు ఎందుకు పోలేదో కనుక్కుంటే, లెక్చరర్ ప్రశ్న అడుగుతాడని భయం.

వార్డెన్ సారు సెలవు పెట్టి ఆ కాలేజీకి పోయాడు. డ్రాయింగ్ పోయినవాణ్ణి, అది మొదటిసారే పాసైన మన సీనియర్ గదిలోకి మార్పించాడు. డిటైన్ అయ్యేవాడికి ఆయన పెట్టిన షరతు ఒక్కటే: రోజూ ముందు బెంచీలో కూర్చో, అర్థం కాకపోయినా ఫరవాలేదు. ఇద్దరూ సప్లీలు రాసి బయటపడ్డారు. సెలవుల్లో వచ్చినప్పుడు అరుగు మీద ఇంగ్లీషు పేపరు పైకి చదివించేవాడు సారు. తప్పులు దిద్దేవాడు కాదు. "ఆగకు, చదువు" అనేవాడు. ఆయన ఇంగ్లీషు కూడా అంతంత మాత్రమే, అది పిల్లలకు తెలుసు, అందుకే వాళ్ళకు సిగ్గుండేది కాదు.

ఒక్క విషయంలో మాత్రం ఆయనకూ నాకూ పడేది కాదు. నాకు ప్రతివాడూ ఇంజనీరో డాక్టరో కావాలని ఆశ. ఆయన ఇంటి లెక్క చూసేవాడు. "వీని కింద ఇద్దరు చెల్లెండ్లున్నరు పోస్టుసాబ్. టీచర్ ట్రైనింగ్ రెండేండ్లు. డీఎస్సీ కొడితే ఇల్లు నిలవడ్తది." గట్టిగానే వాదించుకునేవాళ్ళం. షామియానా కింద టీచర్లు ఎక్కువమంది ఉన్నారంటే ఆయన గెలిచినట్టే. వాళ్ళ చెల్లెళ్ళలో కొందరు ఇంజనీర్లయ్యారు కాబట్టి నేనూ ఓడలేదు.

*

2008 ప్రాంతంలో చాలా మారింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ పెద్ద ఎత్తున వచ్చింది. అంతకు ముందు సీటు వచ్చినా ఫీజు చూసి వెనక్కి తగ్గినవాళ్ళుండేవాళ్ళు, ఆ భయం పోయింది. అదే ఏడు బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు వచ్చాయి. పదో తరగతి మార్కుల మీదే సీటు, ఆరేళ్ల చదువు. తర్వాత గ్రేడ్లు వచ్చాక ప్రభుత్వ బడి పిల్లలకు 0.4 పాయింట్లు కలిపేవాళ్ళు. ఆ సున్నా పాయింట్ నాలుగు ఎంతమందిని అవతలి గట్టుకు చేర్చిందో ఊళ్ళల్లో తిరిగినవాళ్ళకు తెలుసు.

దాంతోపాటే ఇంకో రకం జనం కూడా వచ్చారు. ఎంసెట్ ర్యాంకులు రాగానే ఒక కాలేజీ తరఫున పీఆర్వోనంటూ ఒకడు బండి మీద దిగాడు. చేతిలో స్వీటు పెట్టె. ల్యాప్‌టాప్ ఇస్తాం, బస్సు ఫ్రీ, మీరు కాలేజీల ఆప్షన్లు పెట్టే పని కూడా మాదే, ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఇప్పుడే ఇవ్వండి అంటాడు. ఇద్దరు తండ్రులు ఇచ్చేశారు. వార్డెన్ సారు ఆ బండి తాళం తీసి జేబులో వేసుకుని, "ముందు ఆ కాగితాలు బయటికి తియ్యి" అన్నాడు. అంత మెత్తటి మనిషి గొంతు అలా మారడం నేను ఆ ఒక్కరోజే చూశాను. స్వీట్లు మాత్రం పిల్లలు తినేశారు.

చదువు అయ్యాక కూడా రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదంటూ సర్టిఫికెట్లు తొక్కిపెట్టే కాలేజీలుండేవి. ఉద్యోగంలో చేరే తేదీ ముంచుకొస్తుంటే పిల్లలు అప్పు చేసి కట్టి తెచ్చుకున్న సందర్భాలున్నాయి. ఇది నేటికీ పూర్తిగా పోలేదు.

2014 మే నెలలో గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. వేసవి సెలవులు, హాస్టల్ ఖాళీ. ఆ పేపరు పట్టుకుని వార్డెన్ సారు ఎవరికి చూపించాలో తెలియక మా ఇంటికి వచ్చి, మా ఆవిడకు, పాలేరుకు, చివరికి సంచి దించిపోవడానికి ఆగిన బస్సు కండక్టరుకు కూడా చూపించాడు. బస్సు ఆలస్యమైంది.

*

నేను రిటైరై చాలా ఏళ్లయింది. పోస్టాఫీసు ఇప్పుడు వేరే ఇంట్లో ఉంది, చేతిలో చిన్న మిషను, లక్క లేదు. ఆదివారం అరుగు మీద అంతమంది రారు. ఫోన్లో అన్నీ ఉంటాయి కదా అంటారు. ఉంటాయి. ఈ వేసవిలో మా వాడలోని ఒక పిల్ల ఫోన్ పట్టుకుని వచ్చింది. ఎంసెట్ పేరు ఇప్పుడు ఈఏపీసెట్. వెబ్ ఆప్షన్లు పెట్టాలి, అంటే కావలసిన కాలేజీలు వరసగా ఎంచుకోవాలి. నా కళ్ళకు ఆ అక్షరాలు ఆనవు, మా కోడలు చదువుతుంటే నేను పాత నోటుబుక్కు ముందేసుకున్నాను. ఏ కాలేజీ కోడ్ చదివినా, అక్కడ చదివిన మనవాళ్ళెవరో చూసి వాళ్ళకు ఫోన్ చేయించాను. ఒకడు "ఆ కాలేజీ వద్దు సార్, ల్యాబుల్లేవు" అన్నాడు. ఇంకొకామె "హాస్టల్ మంచిగుంటది, పంపండి, నేను పక్కనే ఉంట" అంది.

అందరూ కంప్యూటర్ సైన్స్ అంటుంటే ఈ పిల్ల సివిల్ కావాలంటుంది. ఎందుకే అంటే, "మా అమ్మా నాయన కట్టిన బిల్డింగులకు ప్లాన్ ఎవరు గీస్తరో నాకు తెల్వాలె" అంది. వార్డెన్ సారుంటే ఇంటి లెక్కలు చూసి ఏదో ఒకటి అనేవాడు. నేను ఏమీ అనలేదు, సివిల్‌ను పైన పెట్టమన్నాను. ఇక మార్చకుండా ఫ్రీజ్ చేసే ముందు మొత్తం లిస్టు కాగితం మీద రాయించి ఒకసారి పైకి చదివించాను.

మొదటి విడతలో ఆమెకు దూరం కాలేజీ వచ్చింది. రెండో విడత ఇంకా ఉంది. సీటు వదులుకోకుండా ఎలా ఆగాలో, సీటు ఒప్పుకున్నట్టు ఆన్‌లైన్లో తెలిపే సెల్ఫ్ రిపోర్టింగ్ ఎప్పటిలోగా చేయాలో ఇంజనీరు కనుక్కుని చెబుతానన్నాడు. ఆదాయం సర్టిఫికెట్ పాతదైపోయింది, మంగళవారం మీ సేవకు పోవాలి. ఎందుకైనా మంచిది, జిరాక్సులు మూడు సెట్లు తీయించమన్నాను.